తన్లిన్ నుంచి ఆఫ్రికా వేటకి ఒక టికెట్టు

రంగూన్‌కి కొందరు పగోడాలు చూడడానికి వెళతారు, కొందరు తాతలు బతికిన వీధి వెతుక్కోవడానికి వెళతారు. నేను ఆఫ్రికాలో జింకల వేటకి ఖర్చు లెక్క వేయడానికి వెళ్ళాను. ఈ మాట చెప్పినప్పుడు విశాఖపట్నంలో మా వాళ్ళు పడీపడీ నవ్వారు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను చాలా ఏళ్ళుగా నమీబియాలో ఒక వేట కంపెనీలో పనిచేస్తున్నాను. వేటాడేది నేను కాదు. మొదటిసారి వేటకి వచ్చే జర్మన్లకీ అమెరికన్లకీ ఎన్ని రోజులు ఉండాలి, ఏ జంతువుకి ఎంత కట్టాలి, రైఫిలు వెంట తెచ్చుకోవాలా, అద్దెకి తీసుకోవాలా అన్నవన్నీ కాగితం మీద పెట్టి ఇవ్వడం నా ఉద్యోగం. జింకని చూస్తే అందరికీ కళ్ళూ కొమ్ములూ కనిపిస్తాయి, నాకు అంకెలు కనిపిస్తాయి. ఇందులో గొప్పేమీ లేదు, జీతం అలాంటిది.

మా పెద్దమ్మ వాళ్ళది రంగూన్ పక్కన, బాగో నది అవతల ఉన్న తన్లిన్. పెద్దమ్మ మామగారు ఏనాడో శ్రీకాకుళం నుంచి రేవులో మూటలు మోయడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పెద్దమ్మా పెదనాన్నా పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. పైడమ్మప్ప, ఆమె తమ్ముడు నూకరాజు. మా వైపు అక్కని అప్ప అంటాం, నూకరాజుకి నేను చిన్నప్పని. అప్ప పొద్దున్న పూట వీధిలో దోసెలు పోసి అమ్ముతుంది. తమ్ముణ్ణి పాలుతాగే వయసు నుంచీ పెంచింది ఆవిడే. నూకరాజు మోటార్లకి వైండింగు చేస్తాడు, ముప్ఫై ఇంకా నిండలేదు. పేర్లు మార్చాను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

సైన్యం అధికారం లాక్కున్నప్పుడు ఆ ఊళ్ళో జనం వీధుల్లోకి వచ్చారు, సాయంత్రాలు గిన్నెలు వాయించారు, కాల్పులు జరిగాయి. తర్వాత దేశమంతా యుద్ధం. ఆ యుద్ధానికి మనుషులు చాలక వయసులో ఉన్న మగవాళ్ళంతా సైన్యంలో చేరాలని చట్టం తెచ్చారు. వార్డు ఆఫీసులో పేర్లు రాసుకుంటారు, చీటీలు తీస్తారు. నూకరాజు పేరు రాసుకుని వెళ్ళారు. పనికోసం పైదేశం వెళ్ళే మగవాళ్ళకి అనుమతులు ఆపేశారు. చూడ్డానికి వెళ్ళొచ్చే టూరిస్టులకి మాత్రం ఇంకా సందు ఉంది. అప్ప ఫోన్ చేసి, మీ కంపెనీ వాళ్ళ చేత ఒక కాగితం ఇప్పించగలవా అని అడిగింది. మా కంపెనీ ఇచ్చేది వేట కాగితమే, వేరే కాగితం మా దగ్గర లేదు. అలా, తుపాకి పట్టుకోకుండా తప్పించుకోవాల్సిన పిల్లాడికి తుపాకి పట్టుకునే యాత్ర తయారైంది.

మా యజమానికి సగం సంగతి చెప్పాను. మిగతా సగం ఆయన అడగలేదు. వేట క్యాంపులో జనరేటర్లు చూసే మనిషి ఆయనకి కావాలి. ఫోన్లో ఇవన్నీ మాట్లాడుకోవడానికి లేదు, పైగా నూకరాజు విమానాశ్రయంలో నిజం వేటగాడిలా జవాబు చెప్పగలగాలి. అందుకని నేనే వెళ్ళాను.

మింగళాడోన్

విమానంలో సగం సీట్లు ఖాళీ. దిగిన చోటు మింగళాడోన్. విమానాశ్రయం పక్కనే కంటోన్మెంటు, ఎటు చూసినా యూనిఫారాలు. టాక్సీ నడిపిన పెద్దాయన పేరు ఊ సేన్ అనుకోండి. అక్కడ పెద్దవాళ్ళ పేరు ముందు ఊ అని పెట్టి పిలవాలి, ఉత్త పేరు పెట్టి పిలిస్తే చెంప మీద కొట్టినట్టు చూస్తారు. ఆయనకి హిందీ కొంచెం వచ్చు. ఎక్కిన కాసేపటికి, ముందు సైనికులు బండ్లు ఆపుతున్నారు, ఫోన్ చూస్తారు, అందులో చూడకూడనివి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు.

నా ఫోన్లో ఏళ్ళ తరబడి ఉన్నవన్నీ అవే. రైఫిలు భుజాన పెట్టుకున్న మనుషులు, పొదల్లో నక్కిన మనుషులు, గురి నేర్చుకుంటున్న మనుషులు. ఊరి కుర్రకారంతా అడవుల్లోకి పోయి తుపాకులు నేర్చుకుంటున్న దేశంలోకి వాటిని జేబులో పెట్టుకుని వచ్చాను. నా బుర్రకి ఇది ఒక్కసారి కూడా తట్టలేదంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. ఒక్కొక్కటే చెరిపాను. సంచిలో కంపెనీ పుస్తకం ఉంది, అట్ట మీదే ఇంత పొడవు రైఫిలు. ఊ సేన్ అద్దంలోంచి చూసి బండిని కిళ్ళీబడ్డీ దగ్గర ఆపాడు. అట్టా, బొమ్మలున్న పేజీలూ చింపి ఇచ్చాను. ఆయన వాటిని మడిచి కిళ్ళీలు ఉమ్మే డబ్బాలో కుక్కి, నాకొక కిళ్ళీ కొనిచ్చాడు. కిళ్ళీ అలవాటు లేకపోయినా నోట్లో పెట్టుకున్నాను. సైనికుడు వంగి చూసేసరికి నా నోరు ఎర్రగా నిండి ఉంది, మాట్లాడే పని తప్పింది. ఫోన్ అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాడు. అతని వయసు నూకరాజు కంటే తక్కువే ఉంటుంది.

చౌక్తడా

విదేశీయులు చుట్టాలింట్లో రాత్రి పడుకోకూడదు. ఎవరింట్లో ఎవరు పడుకున్నదీ వార్డు ఆఫీసుకి చెప్పాలి. అందుకని చౌక్తడాలో హోటల్లో దిగాను. కోర్టులూ ఆఫీసులూ ఉండే నడి ఊరు అది. తెల్లదొరల నాటి పెద్దపెద్ద ఇళ్ళు, గోడల్లో మొలిచిన రావి మొక్కలు, కరెంటు పోగానే ఒక్కసారిగా మొదలయ్యే జనరేటర్ల రొద. ఫుట్‌పాత్ మీద బుల్లి ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి టీ అమ్ముతారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవాలి. మనం డబ్బు పెట్టేది పాల టీకే, బల్ల మీద ఫ్లాస్కులో ఉన్న పాలు లేని పల్చటి టీ ఎంత తాగినా ఉచితం. మన దగ్గర మంచినీళ్ళ గ్లాసు పెట్టినట్టే. ఇంకొకటి కావాలంటే పిలవకూడదట, పెదవులతో ముద్దు పెట్టినట్టు చప్పుడు చేయాలట. నా నలభై ఏళ్ళ బతుకులో వీధిలో కూర్చుని మగవాడి వైపు ఆ చప్పుడు చేయడం నావల్ల కాలేదు. ఒక్క టీతోనే సరిపెట్టుకున్నాను.

పొద్దున్నే అందరూ తినేది మొహింగా. చేపల పులుసులో బియ్యపు సేమియా వేసి, అరటి దూట ముక్కలు కలిపి ఇస్తారు. మన పులుసులో చింతపండు తీసేసి శనగపిండి చిక్కదనం ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదటి రోజు ముఖం చిట్లించాను, రెండో రోజు రెండు గిన్నెలు తిన్నాను.

కార్డులు పనిచేయవు కాబట్టి డాలర్లు మార్చుకోవాలి. చెంపలకి గంధంలా అరగదీసిన థనకా చెక్క ముద్ద పూసుకున్న ఒక ఆవిడ దుకాణంలో నా నోట్లు ఒక్కొక్కటీ దీపం కింద పరిచి చూసింది. ఒకదానికి మధ్యలో మడత ఉందని వెనక్కి తోసేసింది. ఇంకొకదాని మూల మీద పెన్ను గీత ఉంది, అదీ వద్దంది. మడత పడితే ధర తగ్గుతుంది, మచ్చ పడితే అసలు తీసుకోరు. ఆ ఊళ్ళో డాలరు నోటుని పట్టుచీరలా చూసుకుంటారు. నమీబియాలో మా విండ్‌హుక్‌లో ప్యాంటు జేబులో ఉతుక్కొచ్చిన నోటు కూడా కిక్కురుమనకుండా తీసుకుంటారు. ఈ తేడా నాకు భలే తమాషాగా అనిపించింది, అప్పకి చెప్పి నవ్విద్దామనుకున్నాను.

తన్లిన్

నది మీద వంతెన దాటితే తన్లిన్. వంతెన మొదట్లో మళ్ళీ సైనికులు, మళ్ళీ సంచి విప్పడం. గుడికి వెళుతున్నామని ఊ సేన్ చెప్పాడు. సంచిలో అట్ట లేని ధరల కాగితాలు ఉన్నాయి. అవి ఇంగ్లీషులో ఉండబట్టి వాళ్ళు తిరగేయలేదు.

అప్ప వాళ్ళుండేది మోటార్ల దుకాణం పైన రెండు గదుల అద్దె ఇల్లు. నన్ను చూడగానే అప్ప నా రెండు చెంపలూ పట్టుకుని, మీ అమ్మ ముక్కే, మీ అమ్మ ముక్కే అని ఏడ్చింది. వెంటనే దోసె వేసింది. పైన ఉడికించిన బఠానీలు, ఉల్లిపాయ, కాస్త నూనె. పక్కన టీ ఆకుల పచ్చడి. పులియబెట్టిన టీ ఆకుల్లో వేరుశనగలూ వేయించిన పప్పులూ వెల్లుల్లీ కలుపుతారు. టీ తాగడమే కాదు తినడం కూడానా అని నేనంటే, మీరు గోంగూర తినరేటి అంది అప్ప.

నూకరాజు సన్నగా, తలొంచుకుని ఉండే మనిషి. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మధ్యలో బర్మా మాటలు దొర్లిపోతాయి. బయట అతన్ని బర్మా పేరుతో కో మ్యో అని పిలుస్తారు. కింద వీధిలో మోటారు సైకిలు ఆగిన చప్పుడు వస్తే చాలు, చేతిలో పని వదిలేసి వెనక గదిలోకి పోతాడు. వచ్చింది వార్డు గుమాస్తా కాదని తెలిశాక మళ్ళీ వస్తాడు. నేనున్న మొదటి మధ్యాహ్నమే అలా చాలాసార్లు జరిగింది. తరవాత చీటీలు తీసేది వచ్చే నెలలోనే అని అప్ప చెప్పింది. క్రితం నెల పేరొచ్చిన ఎదురింటి పిల్లాడి దగ్గర్నుంచి ఇంతవరకూ కబురు లేదట.

చాప మీద కాగితాలు పరిచాను. మొదటిసారి ఆఫ్రికా వేటకి వెళ్ళే మనిషికి నేను చెప్పే పాఠమంతా చెప్పాను. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా అలాంటి సరదా ఉంటే మీకూ పనికొస్తుంది. రోజుకింత అని ఒక ఖర్చు, చంపిన జంతువుకింత అని వేరే ఖర్చు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది మునిగిపోతారు. జీబ్రా, మెలికల కొమ్ముల కుడూ జింక అని పెద్ద పేర్లు రాసుకోకూడదు. మొదటిసారికి స్ప్రింగ్‌బాక్ అనే చిన్న జింక, అడవి పంది చాలు. ఎండాకాలంలో వెళితే రోజు ఖర్చు తగ్గుతుంది. రైఫిలు అద్దెకి తీసుకోవడమే మేలు. జాడలు పట్టేవాడికీ తోలు ఒలిచేవాడికీ చివర్లో చేతిలో పెట్టాల్సింది ముందే పక్కన పెట్టుకోవాలి. కొమ్ములు ఇంటికి పంపించాలంటే జింక ధర కన్నా పంపే ధర ఎక్కువవుతుంది, ఫోటోతో సరిపెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, దెబ్బ తగిలి పారిపోయిన జంతువుకి కూడా మొత్తం ధర కట్టాలి. నేల మీద ఒక చుక్క రక్తం కనిపిస్తే చంపినట్టే లెక్క.

"సావకపోయినా డబ్బులేనా?" అంది అప్ప పొయ్యి దగ్గర్నుంచి. "మంచి యాపారమే మీది."

నేను ఇమిగ్రేషను ఆఫీసర్ని అయ్యాను, నూకరాజు టూరిస్టు అయ్యాడు. ఎందుకు వెళుతున్నావు, ఎన్నాళ్ళు, ఏం చంపుతావు, డబ్బెక్కడిది. మోటార్లకి తీగ చుట్టే చేతులు కదా, ఏది చెప్పినా వరస తప్పకుండా పట్టుకున్నాడు. వారం రోజుల యాత్ర, తిరుగు టికెట్టు, డిపాజిట్టు కట్టిన రసీదు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఒకచోట ఆగి నా ముఖంలోకి చూశాడు.

"చిన్నప్పా, అక్కడికి పోయాక నిజంగా కాల్చాలా నాను?"

డబ్బు కట్టి గురి తప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఎవరూ ఏమీ అనరు అని చెప్పాను. అతను ఊపిరి వదిలాడు. అప్పటిదాకా అతనికి వార్డు ఆఫీసు భయంతో సమానంగా ఆ జింక భయం కూడా ఉందని నేను ఊహించలేదు. నాకు ఏడుపొచ్చింది, కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

అప్ప తన గాజులూ, ఇంట్లో ఫ్రిజ్జూ అమ్మి డాలర్లు కొనిపెట్టింది. ముడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి బియ్యం డబ్బా కింద దాచింది. విమానాశ్రయంలో టూరిస్టు చేతిలో డాలర్లున్నాయో లేదో చూస్తారని మర్నాడు నూకరాజుకి చెప్పాను. అప్పుడు అప్ప వీధిలో దోసెల పెనం దగ్గర ఉంది. ఆవిడ వచ్చాక, మనసు బరువు తగ్గిద్దామని, డబ్బు మార్చే ఆవిడ కథ చెప్పాను. మా ఊళ్ళో నోటు ఎలా ఉన్నా చెల్లుతుందని నవ్వుతూ చెప్పాను. అప్ప నవ్వలేదు. ముడతలున్నా చెల్తాదా అని అడిగింది. మసి అంటినా చెల్లుతుందన్నాను. మరకలున్నా, అని మళ్ళీ అడిగింది. మరకలున్నా చెల్లుతుందన్నాను.

మళ్ళీ చౌక్తడా

ప్రయాణానికి ముందు రోజు నూకరాజుని చౌక్తడాకి రమ్మన్నాను. వేటకి వెళ్ళే టూరిస్టు లుంగీలో వెళితే బాగుండదని బూట్లూ టోపీ కొందామని. మగవాళ్ళంతా లుంగీలే కట్టే ఊరు, ఆఫీసరు కూడా లుంగీయే. మా వైపు లుంగీ కట్టుకుని ఆఫీసుకి పోతే గేటు దగ్గరే ఆపుతారు. నూకరాజు కాకీ రంగు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. మర్నిమిషమే తీసేశాడు. ఆ రంగు టోపీ పెట్టుకుని వీధిలో నడిస్తే ఎవరు ఏమనుకుంటారో తెలీదన్నాడు. నీలం టోపీ కొన్నాం.

తర్వాత టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. నూకరాజు ఆ ముద్దు చప్పుడు చేసి రెండో టీ తెప్పించాడు. నా ముఖం చూసి నవ్వాడు. నేను ఉన్నన్నాళ్ళలో అతను నవ్వింది అప్పుడే. కుడూ కొమ్ములు ఎన్ని మెలికలు తిరుగుతాయి, ఏనుగులు క్యాంపు దాకా వస్తాయా, జనరేటరు ఏ కంపెనీది అని అడిగాడు. రాత్రుళ్ళు చప్పుడు లేకుండా ఉంటుందా అని కూడా అడిగాడు. అతని మనసు అప్పటికే అక్కడికి వెళ్ళిపోయిందని అర్థమై నాకు భయం ఇంకా పెరిగింది. ఆశ పుట్టని మనిషిని వెనక్కి పంపడం వేరు, ఆశపడ్డవాణ్ణి పంపడం వేరు.

బయల్దేరిన పొద్దు

విమానం మధ్యాహ్నం. పొద్దున్నే తన్లిన్ వెళ్ళాను. గుమ్మంలోకి అడుగు పెట్టగానే సాంబ్రాణి వాసన. అప్ప తలంటుకుని, పైడితల్లి అమ్మవారి పటం ముందు కూర్చుని ఉంది. ముందు ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో డాలర్లు విసనకర్రలా పరిచి ఉన్నాయి. ప్రతి నోటు మూలా తడి పసుపుతో ఒక బొట్టు, దాని మీద కుంకుమ. ఒక్క నోటు కూడా వదల్లేదు.

కొత్త బండికీ, కొత్త లెక్కల పుస్తకానికీ, ఊరు దాటే డబ్బుకీ బొట్టు పెట్టే చేతులే మా ఇంట్లో అన్నీ. మా అమ్మ నా మొదటి జీతం కవరుకి పెట్టింది. అదే పని అప్ప చేసింది. మచ్చ పడితే నోటు చచ్చినట్టే అని తెలిసిన ఊళ్ళో చేసింది. ఏం పని చేశావప్పా అన్నాను.

"ఇక్కడ సెల్లకపోతే ఏటి? ఆడు ఇక్కడ కర్సు పెట్టడు గదా. అక్కడ మరకలున్నా సెల్తాదని నువ్వే సెప్పినావు."

ఇక్కడే విమానాశ్రయంలో చూపించాలని చెప్పాను. అప్ప ముఖంలో రక్తం లేదు. నూకరాజు తడిగుడ్డతో ఒక నోటు మూల తుడిచాడు. బొట్టు పోలేదు, పసుపు సగం నోటు దాకా పాకింది. చాలు ఆపమన్నాను. మళ్ళీ డాలర్లు కొనే డబ్బూ లేదు, సమయమూ లేదు. నా దగ్గర ఖర్చులకి మిగిలిన శుభ్రమైన నోట్లు కొన్ని ఉన్నాయి. అవి పైన పెట్టి, బొట్టు పెట్టినవి కింద పెట్టి కవర్లో సర్దాను. పైపైన చూసి వదిలేస్తారులే అన్నాను. ఆ ఆలోచన నాదే. అప్పుడు అంతకంటే మంచిది తట్టలేదు.

అప్ప విమానాశ్రయానికి రాలేదు. సాగనంపేవాళ్ళు ఏడిస్తే తిరిగి రానివాడని అనుమానిస్తారట. మా వీధిలో ఒకడు ఉద్యోగానికి పోతుంటే మూడు జీపుల జనం పోతారు. అప్ప కింద దుకాణం మెట్ల దగ్గరే ఆగిపోయి, బిందెతో నీళ్ళు పట్టుకుని మాకు ఎదురొచ్చింది. నూకరాజు ఆమె పాదాలు ముట్టుకోబోతే వద్దని చేతులు పట్టుకుంది, వీధిలో ఎవరైనా చూస్తారని.

మింగళాడోన్‌లో వరస

ఊ సేన్ మమ్మల్ని వేరువేరుగా దింపాడు. లోపల ఒకరినొకరు ఎరగనట్టే ఉండాలని ముందే అనుకున్నాం. విదేశీయుల వరస చిన్నది, నా పని త్వరగా అయిపోయింది. అవతలికి వెళ్ళి, అద్దాల గోడ దగ్గర చేతిసంచి సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను.

నూకరాజు వంతు వచ్చింది. కాగితాలు ఇచ్చాడు. ఆఫీసరు ఏదో అడిగాడు, నూకరాజు చేతులు కదుపుతూ చెప్పాడు. ఇంకేదో అడిగాడు. ఆఫీసరు నవ్వడం కనిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత కవరు అందుకున్నాడు. పై నోట్లు బొటనవేలితో తిరగేశాడు. ఇంకొంచెం లోపలికి తిరగేశాడు. ఆగి, ఒక నోటు బయటికి లాగి దీపం కింద పెట్టాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మిగతావన్నీ బల్ల మీద పరిచాడు. అద్దం ఇవతల నుంచి కూడా ఆ పసుపు నాకు కనిపించింది.

ఇంకొక ఆఫీసరు వచ్చాడు. నూకరాజు ఒక్కసారి తలెత్తి నా కోసం చూశాడు. నేను తల తిప్పుకుని విమానాల బోర్డు చదివాను. నేను తెలిసినదాన్నని చెబితే, కాగితాలు ఇచ్చింది నేనేనని బయటపడితే, అతనికి ఇంకా ప్రమాదం. ఇది నిజం. నాకు కూడా భయం వేసింది, ఇదీ నిజమే. మళ్ళీ చూసేసరికి అతన్ని పక్కనున్న తలుపులోంచి తీసుకుపోతున్నారు. కొత్త బూట్లు అలవాటు లేక కుంటుతున్నాడు.

ఆ తలుపు తెరుచుకోవాలని చాలాసేపు నిలబడ్డాను. మా విమానం పిలిచారు. ఎక్కాను. పక్క సీటు అతనిది, బ్యాంకాక్ దాకా ఖాళీగా వచ్చింది. భోజనం ఇస్తే తినలేకపోయాను.

బ్యాంకాక్

దిగగానే ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. సైనికుల బండి, జైలు, వార్డు గుమాస్తా, ఎదురింటి పిల్లాడు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. విండ్‌హుక్ వైపు వెళ్ళే విమానం వరస మొదలయ్యాక నూకరాజే చేశాడు. ఇంటికి వచ్చేశాడు.

మొదటి ప్రశ్నలన్నిటికీ సరిగ్గా చెప్పాడట. దెబ్బ తగిలి పారిపోయిన జింకకి కూడా కట్టాలని చెబితే ఆఫీసరుకి తమాషా వేసిందట. ఆయన నవ్వింది అక్కడే. తర్వాత నోట్లు చూసి ఈ పసుపు మరకేమిటని అడిగాడు. నూకరాజుకి అబద్ధం రాలేదు, మా అప్ప పూజ చేసిందని చెప్పాడు. లోపలి గదిలో ఆఫీసరు కుర్చీ చూపించి, కసురుకోకుండా, తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడాడట. వారం రోజులు షికారు చేసి వచ్చేవాడి డబ్బుకి ఎవరూ ఒక్కొక్క నోటుకీ ఇంత పూజ చేయరు, నువ్వు తిరిగి వచ్చేవాడివి కాదు అన్నాడట. పైన శుభ్రమైనవి ఎందుకు పెట్టావని కూడా అడిగాడు. పాస్‌పోర్టూ డబ్బూ చేతికిచ్చి ఇంటికి పొమ్మన్నాడు.

నేను కవర్లో సర్దిన పద్ధతే పట్టిచ్చిందని నాకు అర్థమైంది. క్షమించమన్నాను. నూకరాజు ఆ మాట వినిపించుకోలేదు. అప్పకి ఈ సంగతి చెప్పలేదన్నాడు. కంప్యూటరు పాడైందనీ, ఈ రోజు ఎవర్నీ పంపలేదనీ చెప్పాడట.

"నువ్వూ సెప్పకు చిన్నప్పా. తెలిస్తే బతకదు."

ఇది రాస్తున్న నాటికి చీటీల్లో అతని పేరు ఇంకా రాలేదు. ప్రతి నెలా తీస్తున్నారు. మా యజమాని, మీ తమ్ముడి బుకింగు రద్దు చేద్దామా అని అడుగుతాడు. నేను తర్వాతి నెలకి జరుపుతాను. వేట రోజులు మారితే ధర కూడా మారుతుంది, ఆ లెక్క మళ్ళీ వేసి పెడతాను.

ఆ రోజు నూకరాజు ఫోన్ అప్పకిచ్చాడు. నా వరస ముందుకి కదులుతోంది, వెనకవాళ్ళు నన్ను దాటుకుని పోతున్నారు. అప్ప గొంతు నేను భయపడినట్టు లేదు, తేలిగ్గా ఉంది. పిల్లాడు భద్రంగా ఇల్లు చేరాడని, కంప్యూటరు బాగయ్యాక మళ్ళీ వెళతాడని చెప్పింది. నన్ను ఏడవొద్దంది.

"అమ్మోరికి నాను మొక్కినదేటనుకున్నావు చెల్లీ? ఎల్లినోడు సల్లగా నా గుమ్మంలోకి రావాలని మొక్కినాను. పొద్దున ఎల్లినాడు, మాపటికి తెచ్చి నా గుమ్మంలో నిలబెట్టీసింది. మళ్ళీ ఎల్లినప్పుడు ఇంకా పెద్ద బొట్టెడతాను."

అలాగే అప్పా, అన్నాను.